ముప్పై రూపాయల తేడా

పగలంతా గజపతినగరం సొసైటీలో
యూరియా బస్తాల లెక్క రాసిన చేత్తోనే
రాత్రి, విజయనగరంలో, మా వంటింటి గట్టు మీద
పద్నాలుగు గొంతుల లెక్క రాస్తున్నాను.
మార్చి ముప్పై ఒకటి.
ఉండాల్సింది నూట ఎనభై ఐదు,
డబ్బాలో ఉన్నది నూట యాభై ఐదు.

బస్తాలైతే తరుగు కింద కొట్టేద్దును.
పాటలో తరుగు ఏ ఖాతాలో రాస్తారో
నాకెవరూ నేర్పలేదు.

మళ్ళీ మొదట్నుంచి.
చందా నెలకి యాభై.
మా తమ్ముడు తవిటినాయుడు ఒక్క నెలా తప్పలేదు.
బల్ల మీద ఎడమ చెయ్యి పరిచి
వేలికొకటి చొప్పున అయిదు పది రూపాయల బిళ్ళలు పెడతాడు,
చెయ్యి లాక్కుంటాడు.
ఈ ఊళ్ళో ఏ కొట్లోనూ ఆ బిళ్ళ పుచ్చుకోరు.
చెల్లుతుంది బాబూ అంటే నవ్వి,
నోటుంటే ఇవ్వండమ్మా అంటారు.
ఆటో బంగారయ్య ఒక్కడే కళ్ళకద్దుకుంటాడు,
అతని కూతురు మా రెండో వరసలో నిలబడుతుంది.

అద్దె ఆరువేలు, స్కూలు మేడ మీద గది, ఆదివారాలు.
ట్యూబులైటు మూడొందల నలభై.
పాతది వెలుగుతూనే ఉంది, నిజమే.
అది రొద పెడుతోందని జగ్గునాయుడు
మూడు వారాలు గుమ్మం బయటే నిలబడి పాడాడు.
నేను చెవి ఒగ్గి విన్నాను, ఏమీ లేదు.
కొత్తది వేశాక తెలిసింది
పాతది ఎంత అరిచేదో.

బిస్కెట్లు పదిహేనొందల అరవై.
జూలైలో కంపెనీవాడు కాగితం రంగు మార్చాడు.
లోపల అదే బిస్కెట్టు, ఎర్రమ్మడు ముట్టలేదు.
బిస్కెట్టు లేనిదే ఆమె లేదు,
ఆమె లేనిదే మాకు మంద్రం లేదు.
గంట్యాడ, బొండపల్లి, కొట్టు కొట్టూ తిరిగి
పాత కాగితం పొట్లాలు ఏరుకొచ్చాను.
ఆ బస్సు ఛార్జీ నేను రాయలేదు.
రాయనివి ఇంకా ఉన్నాయి.

అయిదువేలు, సెప్టెంబరు అయిదున జమ, తొమ్మిదిన ఖర్చు.
రైసుమిల్లు ఆసామి ఇచ్చాడు, బ్యానరుతో సహా.
మాది ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ పాటల గుంపని
చీటీ మీద రాసే ఇచ్చాను.
ఆయన ఫొటో నిలువెత్తున వచ్చింది, దాని కాళ్ళ దగ్గర మేం:
'మానసిక దివ్యాంగ బాలల భజన బృందం'.
ఈశ్వరి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.
ఆమెకి ముప్పై నాలుగేళ్ళు.
"బాలలెవలు?" అంది.
కాసేపాగి, "మనం బజన సెయ్యం గదా."
రెండిటికీ నా దగ్గర జవాబు లేక
డబ్బు తిరిగిచ్చేశాం.

సిరిమాను ముందురోజు మూడు లాంతర్ల దగ్గర వేదిక,
మాకు పదకొండు నిమిషాలు.
నాలుగో నిమిషంలో మైకు కీచుమంది.
చిన్నమ్మడు చెవులు మూసుకుని మెట్లు దిగింది,
వెనకాలే అందరూ, వరస చెడకుండా.
టెంటు వెనక, జనరేటరుకి దూరంగా,
మిగిలిన ఏడు నిమిషాలూ పాడారు
ఒక హోంగార్డుకీ, వేరుశనగలు వేయించేవాడికీ.
కమిటీ రెండు వేలూ ఇచ్చింది.
వేరుశనగలవాడు ఒక పొట్లం ఇచ్చాడు,
దాన్ని ఎక్కడ జమ కట్టను?

అన్నీ కుదిరాయి. మూడు బిళ్ళలేవీ?

ఈశ్వరికి ఫోన్ చేశాను, ఈ వేళకి ఆమె పడుకోదు.
"నాకాడున్నాయి." దాపరికమేం లేదు.
ఫిబ్రవరిలో శ్రుతిపెట్టె మరమ్మతుకి వెళ్ళింది.
పన్నెండొందలు పోసి తెచ్చాక ఎవరూ దాన్ని ఒప్పుకోలేదు.
అప్పట్నుంచీ స్టీలు గ్లాసు అంచున టింగుమనిపించి
శ్రుతి ఇస్తున్నది ఆమే.
ఒక్క బిళ్ళతో పల్చగా ఉందిట,
రెంటితో తప్పుగా ఉందిట,
మూడూ కలిపి పట్టుకుంటే సరిపోయిందిట.
"కర్సు కాదక్కా. ఉన్నాయి."

పుస్తకంలో ఆరేళ్ళుగా ఖాళీగా ఉన్న గడి ఒకటుంది,
స్థిరాస్తులు.
అందులో ముప్పై అని రాసి సిరా ఆరేదాకా చూశాను.

మూయబోతే స్కూలువాళ్ళ చీటీ జారిపడింది.
ఏప్రిల్ నుంచి అద్దె అయిదొందలు కాదు, ఏడొందలు.
చందా అరవై చేసినా నెలకింకా అరవై తక్కువ.
అదెలాగో చూస్తాను.
పక్కగదిలో తమ్ముడు నిద్రపోతున్నాడు,
ఎడమ చెయ్యి దుప్పటి మీద పరిచి.
ఆరో బిళ్ళ ఎక్కడ పెట్టమని చెప్పను?