వేలిమందం

పొద్దున్నే నేను మొదట చూసేది ఇంజన్ని కాదు,
పంకా ముందరి టోపీకీ దాని వెనక రేకు తొడుగుకీ మధ్య సందుని.
చుట్టూ ఎక్కడ పెట్టినా
నా చూపుడువేలు నిక్కచ్చిగా పట్టాలి.
ఇవాళ పైన రెండు వేళ్ళు దూరాయి.
కింద గోరు కూడా దూరలేదు.

అక్టోబరు. మవూన్‌లో వాన ఇంకా ఎవరికీ మాటివ్వలేదు.
తెల్లారీ తెల్లారకముందే హ్యాంగర్ రేకులు టిక్కు టిక్కుమంటున్నాయి.
తమలకానే నది సన్నబడి
ఏనుగుల అడుగుల్లో కాసిన్ని నీళ్ళు మిగుల్చుకుంది.

"ఇనుము నోరు విప్పదు,
రబ్బరు చాడీలు చెబుతుంది, విను" అనేవాడు బటిసాని,
నాకు స్పానర్ పట్టడం నేర్పినవాడు.
చూపు మందగించాక కూడా వచ్చి
టూల్ పెట్టె మీద కూర్చుంటాడు,
చప్పుళ్ళని లెక్కపెడుతూ.

ఖుమో గొలుసు లాగాడు. కప్పీ మూలిగింది.
ఇంజన్ జానెడు లేచి గాల్లో ఆగింది.
బోల్టులన్నీ గుడ్ల అట్టలో, ఏ గుంటలోది ఆ గుంటలో.
"పాత చీలసీలలు పారెయ్. ఒకసారి వంగింది
రెండోసారి విరగడానికి సాకు వెతుక్కుంటుంది."
ఖుమో తలూపాడు, ఒకటి మాత్రం జేబులో వేసుకున్నాడు.
కుర్రాడు, చెవిపోగు చేసుకుంటాడట.

నాలుగు రబ్బరు దిమ్మలు, అరచేతిలో పట్టేంత.
ఇంజన్ వణుకునంతా మింగి
కూర్చున్నవాళ్ళ పళ్ళదాకా రానివ్వనివి.
నూనె తాగి, సెగ తాగి
ఎండిన మడమల్లా అంచులు పగిలాయి.
వాటి తప్పేం లేదు.

తర్వాత గొట్టాలు.
అతుకుల దగ్గర రంగు గీకి, దీపం పెట్టి, అద్దం పెట్టి...
ఎడమ కింద, ముక్కు చక్రం కాలు కలిసేచోట
చూపు ఒకసారి తట్టుకుంది. అంతే.
ఎర్ర మందు పూశాను. పావుగంట ఆగి తుడిచాను.
తెల్ల పొడి చల్లాను.
ఆగాను.
తెలుపు మీద ఒక ఎర్ర వెంట్రుక మొలిచింది,
చూస్తుండగానే పొడుగైంది.

లెసేడిని పిలిచాను. "మొన్న ఎక్కడ దిగావు?"
ద్వీపం మీద, ముళ్ళపంది తవ్విన గుంటలో చక్రం పడిందట.
"చిన్న కుదుపే."
పుస్తకంలో రాయలేదు.
"చిన్న కుదుపే, మ్మా."
తిట్టలేదు. అద్దం అతని చేతికిచ్చాను.
చాలాసేపు వంగే ఉన్నాడు.

ఫోన్లో వాన్‌టోండర్. లాడ్జిలో ఆరుగురు అతిథులు,
సామాన్లు సర్దుకుని, టోపీలు పెట్టుకుని.
"ఇన్ని వేల గంటలు మోసింది కదా,
ఇంకో నలభై నిమిషాలు మొయ్యదా?"
మోస్తుంది. బహుశా.
ఆ బహుశా కింద నా సంతకం ఎక్కడ పెట్టమంటారు?
అవతల గట్టిగా ఊపిరి. ఫోన్ పెట్టేసిన చప్పుడు.
నాకూ చేతులు వణికాయి, ఎందుకు దాచాలి.
ఈ నెల జీతం ఆయన చేతిలోంచే రావాలి.

ఫ్రాన్సిస్‌టౌన్ నించి చట్రం తిరిగొచ్చేసరికి పదకొండు రోజులు.
కొత్త అతుకు నీలంగా, నెమలి మెడ రంగులో.
బటిసాని దాన్ని వేళ్ళతో చదివాడు,
బోలు గొట్టంలో అవిసెనూనె పోసి
అటూ ఇటూ తిప్పి తిప్పి వంపేశాం,
లోపలి చీకటికి తుప్పు పట్టకుండా.
మూడు రోజులు నా జుట్టు కూడా అదే వాసన.

కొత్త రబ్బర్లు, కొత్త సీలలు,
టార్క్ రెంచీ టక్కుమనేదాకా, నాలుగుసార్లు.
సందులో వేలు పెట్టాను. పైనా, కిందా, పక్కలా
పట్టింది.

సంతకం పెట్టి పెన్ను మూస్తుంటే
వెనకనించి ముసలాయన:
"పాతిక గంటలు ఎగిరొచ్చాక మళ్ళీ బిగించు.
కొత్త రబ్బరుకి
కూర్చోవడం ఇంకా రాదు."