సన్నని ఇసుక

జహ్రా ఆస్పత్రి, లాబ్‌లో రాత్రి డ్యూటీ.
వెన్నులోంచి తీసిన నీరు మూడు గొట్టాల్లో వచ్చింది,
బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళలా
కాస్త మబ్బుగా.

పేరు లింబాద్రి. వృత్తి అన్న గడిలో ‘డ్రైవర్’.
కాసేది మేకల్ని, అబ్దలీ అవతల, రెండొందల నలభై.
వీసాలో ఒక పని, ఎడారిలో ఇంకొకటి.
ఆ తేడా ఏ పరీక్షలోనూ తేలదు.

పచ్చిపాలు తాగావా అని అడిగాను.
“పాలల్ల ఏముంటది మేడం?
నీళ్ళ టాంకరు వారానికొక్కసారి.
మేకలైతే దినాం ఇస్తయి.”

నాలుగు నెలలుగా
పొద్దుగూకితే వచ్చి తెల్లారితే పోయే జ్వరం.
కఫీల్ పనడోల్ అట్ట ఇచ్చి వెళ్ళేవాడట.

ఐదో రోజు పళ్ళెంలో చుక్కలు మొలిచాయి.
రంగు వేసి అద్దం కింద చూస్తే
సన్నని ఇసుక.
కిటికీ సందులోంచి పడిందేమోనని
స్లైడు మార్చి మళ్ళీ చూశాను.
ఇసుకే.

మెదడుకి ఒక గోడ ఉంది.
ఇటుకలు కావు, కణాలు,
సూది దూరకుండా ఒకదాన్నొకటి కుట్టుకున్నవి.
చక్కెరకి తలుపు తీస్తాయి,
సగం మందుల్ని గుమ్మంలోంచే తిప్పి పంపేస్తాయి.
ఇది ఆ గోడ మీద గోరు కూడా పెట్టలేదు.
మింగడానికి వచ్చిన తెల్లకణం పొట్టలోనే
చిన్న సంచిలో ముడుచుకుంది.
ఆమ్లం మోసుకొచ్చే సంచి దగ్గరైతే
అంటకుండా జరిగింది.
ఆ ఇంటి పొరే చించి కప్పుకుని
ఆ ఇంటి మనిషై
ఒకటి రెండు, రెండు నాలుగు.
చివరికి కాపలావాడే
తెలియక భుజాన మోసి దాటించాడు.

“ఖల్లివల్లి బాక్టీరియా” అన్నాడు మా సీనియర్ జార్జికుట్టి,
తెలుగువాళ్ళ మాట తనకీ వచ్చని.
నవ్వబోయి ఆగాను.
లింబాద్రి ఏదీ దొంగగా దాటలేదు.
అతని కాగితాలున్నాయి, కఫీల్ బీరువాలో.

గోడ దాటగల మందులు దొరికాయి.
మూడు వారాలకి మాట కుదురుకుంది.
తన సంగతి అడగలేదు.
“మేకలకు గిట్ట ఉన్నదా మేడం ఇది?”

ఉంటుంది. జ్వరం తెలియదు, చూలు నిలవదు.

చాలాసేపు పైకప్పు చూశాడు.
“గందుకేనా... ఎండకాలంల ఆరు ఈసుకపోయినయ్.
పిల్లలను నేనే పూడ్చిన,
ఒట్టి శేతులతోని.”

ఆ రాత్రి పళ్ళెం మూత తీసేముందు
రెండు జతల గ్లౌజులు తొడుక్కున్నాను.
తొడుక్కుంటూ సిగ్గుపడ్డాను.