మెడ వెనక నలుపు

ఫర్వానియా పాలీక్లినిక్‌లో
ప్లాస్టిక్ గ్లాసు నిండా నారింజ రంగు చక్కెర నీళ్లు.
ఆపకుండా తాగమంది లిస్సమ్మ సిస్టర్.
రాత్రి తొమ్మిది నుంచి ఎండిన కడుపులోకి
పాకం దిగినట్టు దిగింది.
రెండు గంటలు కదలొద్దంది.

సెలూన్ పదింటికి తెరుస్తారు.
మేడమ్‌కు తలనొప్పని మెసేజ్ పెట్టాను.
తలనొప్పికైతే సగం రోజే కోస్తుంది.

రెండు గంటలంటే నా లెక్కలో ఇరవై గడ్డాలు.

గడ్డాల సంగతి నన్నడగండి.
పళ్లతో దారం బిగబట్టి, రెండు చేతులా మెలితిప్పి
తొమ్మిదేళ్లుగా ఆడవాళ్ల గడ్డాల మీదే బతుకుతున్నాను.
నిఖాబ్ తీసి, అద్దం చూడకుండా కూర్చునే ఉమ్ తలాల్,
వారానికి రెండుసార్లొచ్చే బ్యాంకు పిల్ల,
లెక్కలు చెప్పే ఈజిప్టు టీచరమ్మ.
ఎవరూ దానికి పేరు పెట్టరు.
"కొంచెం ఇక్కడ" అని వేలు చూపిస్తారు, అంతే.
నాది మాత్రం
పక్క మంచం మారివిక్ నిద్రపోయాక
బాత్రూమ్ బల్బు కింద, పట్టకారుతో, ఒక్కొక్కటీ.

నెలసరి నాకు మా చెయ్యేరు.
నెలలకొద్దీ ఇసకే.
వచ్చిందా, కట్ట తెగినట్టే.

మెడ వెనక నలుపు ఇంకా పాతది.
పద్నాలుగో ఏట మాయమ్మ కంట్లో పడింది.
సున్నిపిండితో రుద్దింది, తర్వాత బీరపీచుతో,
తర్వాత మడమలు తోముకునే రాయితో.
"ఆడపిల్లవు, ఒళ్లు రుద్దుకోవడం కూడా రాదేందే నీకు?"
తోమిన చోటల్లా మంట.
మంట చల్లారాక మళ్లీ అదే నలుపు.
ఇప్పటికీ యూనిఫామ్ కాలర్ ఎత్తే పెట్టుకుంటాను.
స్టైలనుకుంటారు.

మొన్న డాక్టర్ సుహైర్
రిపోర్టు తెరవకముందే నా కాలర్ దించింది.
వేలితో ఒక్కసారి రాసి
"మూ వసఖ్" అంది.
మురికి కాదని.

ఒంట్లో ఇన్సులిన్ పొంగి, తలుపు తెరవని కణాల ముందు
అరిచి అరిచి అలసిపోతుందట.
ఆ అలికిడికే అండాలు ఎదగడం మానేస్తాయట,
గడ్డాన వెంట్రుకలు లేస్తాయట, మెడ నల్లబడుతుందట.
మా నాన్నకు కాలివేలు తీసేశారంటే
ఎన్నో ఏట అని అడిగి రాసుకుంది.
ఆయన వేలికీ నా గడ్డానికీ చుట్టరికముందని
నాకెవరు చెప్పారు గనక!

రెండు గంటలయ్యాయి. సూది.
ఈడ లెక్క వేరే: తొమ్మిది పాయింటు నాలుగు.
మన లెక్కలో నూట అరవై తొమ్మిది.
"సుక్కర్" అంటారు వీళ్లు, "చక్కెర" అంటాం మేం,
పిలిచే నోరు మారినా పలికేది ఒకే రక్తం.
ఇంకా ఇంట్లోకి రాలేదట,
గడప ముందు చెప్పులు విడుస్తోందట.

నడవమంది. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలోనా అన్నాను.
ఎన్నో అంతస్తులో ఉంటావంది.
నాలుగు, లిఫ్టు చెడిపోయిందన్నాను.
బాగుచెయ్యమని అడగొద్దంది.
ఖుబూస్ ఒకటికి తగ్గించమంది.
కరక్ చాయ్ మాటెత్తితే నేను కిటికీ వైపు చూశాను.

సాయంత్రం సెలూన్‌లో
పదమూడేళ్ల పిల్లను తోసుకొచ్చింది ఒక తల్లి.
"మీసం తీసెయ్. మెడకు బ్లీచ్ కూడా పెట్టు,
సరిగ్గా స్నానం చెయ్యదు, చూడు మురికి."
పిల్ల తల ఇంకా దించింది.
పంటి కింద దారం ఉంటే మాట రాదు.
పైపెదవి సగంలో ఉండగా
దారం వదిలేశాను.

"మూ వసఖ్."

తల్లి చూసింది. కౌంటర్ దగ్గర మేడమ్ చూసింది.
వెనక్కి తిరిగి, కాలర్ దించి
నా మెడ చూపించాను.
రక్తం పరీక్ష చేయించమన్నాను, ఎక్కడో చెప్పాను.
బ్లీచ్ చెయ్యనన్నాను.
మూడు దినార్లు అట్లా పోయాయి.

ఆ పిల్ల అద్దంలో నన్నే చూస్తూ
జుట్టు పక్కకు తోసుకుని
తన మెడ మీద వేలితో మెల్లగా రాసి
వేలు ముందుకు తెచ్చి చూసుకుంది.

ఏమీ అంటలేదు.