గెర్తాకి, మెట్ల మీద

అడిగావు కనక చెబుతున్నాను గెర్తా,
బొగ్గు బకెట్టు కింద పెట్టు, ఇలా కూర్చో.
మన పేట హాస్పిస్ వాళ్ళు మంచివాళ్ళేనా అంటే
ఒక్క ముక్కలో తేలే మాట కాదు.

తమ్ముడు పోయిన నెలకి వాళ్ళే ఒక కాగితం పంపారు.
ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు,
తోచినదాని చుట్టూ సున్నా చుట్టాలట.
ఇంకా బల్ల మీదే ఉంది,
ఎగిరిపోకుండా పావురాల గింజల డబ్బా పెట్టాను.

ముందు తప్పులు చెబుతాను.
కాతోవిత్సే పెద్దాసుపత్రి చేతులెత్తేసి ఇంటికి పంపాక
ఆక్సిజన్ మిషను రెండు రోజులు ఆలస్యంగా తెచ్చారు.
ఆ రెండు రాత్రులూ అలోయ్జీ కిటికీ పట్టుకుని
నిలబడే కునికాడు, బండి గుర్రంలా.
తెచ్చిన కుర్రాడు ఒక్క మాటైనా అనలేదు,
సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.
ఫాదర్ ఒకసారి వచ్చి వానల గురించి మాట్లాడి వెళ్ళాడు.
డాక్టరు మంచివాడే, కాకపోతే గోడ గడియారం చూస్తాడు.
మా గడియారం ఆగిపోయి నాలుగేళ్ళు.

ఇప్పుడు రాత్రి సంగతి.
పగలు ఎవరైనా ఫోన్ ఎత్తుతారు.
తెల్లవారుజామున మూడింటికి చేసి చూడు,
అవసరం లేకపోయినా సరే.
నేను చేశాను. సిగ్గేం లేదు.
నాలుగో మోతకి ఉర్షూలా పలికింది,
నోట్లో రొట్టె, నమిలి మింగి
"చెప్పండి" అంది.
ఏం లేదు, ఊరికే, అన్నాను.
"ఊరికే చేసేవాళ్ళు చాలామంది" అంది.
పెట్టెయ్యలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు భూమి కిందే ఉన్నాం, నేనూ వాడూ.
మొదట్లో గని పైకప్పుకి చెక్క ఊతాలుండేవి.
తర్వాత ఇనపవి వచ్చాయి, నున్నగా, వరసగా,
ఇంజనీర్లకి ముద్దొచ్చేలా.
మాకు మాత్రం చెక్కంటేనే గురి.
చెక్క విరిగే ముందు మూలుగుతుంది.
మూలుగు చెవిన పడిందా, పార వదిలేసి పరిగెత్తొచ్చు.
ఇనుము ఏమీ చెప్పదు.

ఉర్షూలా చెక్క.
నన్ను వంటింట్లోకి పిలిచి గుసగుసలాడలేదు.
వాడి మంచం అంచున కూర్చుని
వాడి మొహంలోకే చూస్తూ చెప్పింది:
"వారమో, పది రోజులో.
చివర్లో గొంతులో గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడొస్తుంది.
భయం వినేవాళ్ళకే, మీకు తెలీదు."
అలోయ్జీ కాసేపు దుప్పటి అంచు మడత పెట్టి, విప్పి,
"ఆదివారం పందెం నుంచి పావురాలు తిరిగొచ్చేదాకా ఉంటానా?" అన్నాడు.
"మాట ఇవ్వలేను" అంది.

ఇవ్వని ఆ మాటకి నేను ఐదు చుట్టాలి గెర్తా,
కాగితంలో దానికి గడి లేదు.

శనివారం పోయాడు.
చప్పుడు వచ్చింది, చెప్పినట్టే.
ముందే విన్నవాణ్ణి కనక పరిగెత్తలేదు,
పక్కనే కూర్చుని కాలి వేళ్ళు పట్టుకున్నాను,
చేతులకి సూదుల కట్లు.

ఆదివారం పదకొండుకి తొమ్మిది పావురాలు దిగాయి.
ఆమెకి సెలవు రోజు, అయినా వచ్చింది.
అటక మీద నేను కాలి ఉంగరాల నంబర్లు చదువుతుంటే
నా పుస్తకంలో రాసిపెట్టింది.
రెండు చోట్ల మూడుని ఎనిమిది చేసింది,
దిద్దలేదు నేను.

ఎవాల్ద్ ఇవాళ ఏమైనా తిన్నాడా?
ఊఁ.
ఇదిగో నంబరు, క్లబ్బు రసీదు వెనక రాశాను.
మిషను మొదటి రోజే అడుగు, గట్టిగా అడుగు,
మొహమాటపడ్డావో కిటికీయే గతి.
ఇంకోటి, ఆమె వచ్చే వేళకి మీ కుక్కని కట్టెయ్యి.
చావు గదిలోకి చెప్పులు విప్పి మెల్లగా నడిచొస్తుంది గానీ
కుక్కంటే మాత్రం ఒణుకు.

ఆ బకెట్టు ఇటివ్వు.