ఐదు సంచుల ఉసికె

తాళంచెవి ఇస్త గని తమ్మీ,
ముందుగాల ఎన్కకొచ్చి సూడు.

ముందట ఇంజనుంటది, నువ్వుంటవు,
అర్బాబు కొడుకు ఎక్కిన్నాడు ఆయన అత్తరు వాసనుంటది.
ఎన్క ఏముంటది? గాలి.
ఖాళీ పికప్పు ఎన్కభాగం
బరాత్‌ల తాగినోని నడుమసొంటిది.
ఎండల ఎట్లనో నిలవడ్తది,
ముసురు పట్టినంక దాని మాట అది ఇనదు.

మన తాన ఖరీఫ్ అంటె వరి.
ఈ సలాలల ఖరీఫ్ అంటె
మొగులు కొండ దిగొచ్చి మనిషి మెడ మీద కూసునుడు.
వాన అనకు, గొడుగు తెరిస్తె నవ్వుతరు.
సన్నటి తుంపర, అంతే.
కని తొమ్మిది నెలల దుమ్ము, కారిన ఆయిలు, టైర్ల నలుపు
అన్ని నాని
రోడ్డు మీద గంజి వంపినట్టయితది.
ఒంటెల్ని సుత కిందికి తోల్కొస్తరు అప్పుడు,
వాటి అడుగులు ఉసికెకు పుట్టినయి, బురదకు గాదు.
అవి దిగుతుంటె మనం ఎక్కుతం,
మీద మాంసం కాల్చే కొట్లకు
బొగ్గు బస్తాలు, నీళ్ల పెట్టెలు ఏసుకొని.

పొయ్యేటప్పుడు భయం లేదు. బరువుంటది.
వచ్చేటప్పుడే.

నేనొచ్చిన రెండో యేడు, ఇత్తీన్ మలుపు కాడ,
పొద్దుగూకింది, పొగమంచుల నుంచి ఒక ఆవు తేలింది.
బ్రేకు మీద నిలవడ్డ.
అదే తప్పు.
తోక నన్ను దాటి ముందుకు పోయింది తమ్మీ,
నా బండి తోక నా కండ్ల ముందటికెళ్లి!
కొండ తిరిగింది, లోయ తిరిగింది,
ఆఖరికి వచ్చిన తొవ్వకే మొకం జేసి ఆగిన.
ఆవు నెమరేసుడు ఆపలే.

గ్యారేజీల బలూచి ముసలాయన మురాద్ బక్ష్
తిట్టలే, నవ్వలే.
పానా కింద పెట్టి
రెండు అరచేతులు ఇరుసు మీద ఆనిచ్చి గట్టిగ ఒత్తిండు.
అంతే పాఠం.

మర్నాడు తుమ్రైత్ దిక్కు పోయి
ఎండిన ఉసికె నింపుకొచ్చిన, ఐదు బియ్యం సంచులు.
సముద్రం ఒడ్డుది తేకు, తడి ఆరదు, రేకు తుప్పు వడ్తది.
సంచుల్ని తోక చివర్న ఎయ్యకు.
ఎడ్లబండి కట్టినోళ్ల పిల్లలమే గద,
తోకబరువైతె కాడి లేస్తది,
కాడి లేస్తె ఎద్దు మెడకు బండి అందదు.
గీడ, సరిగ్గ ఇరుసు మీద, అడ్డంగ,
తాడుతోటి బిగించి కట్టు.
లేకుంటె గుద్దిన్నాడు అవే నీ ఈపుల కొస్తయి.

ఇంత చేసినా జారుతదా? జారుతది.
అప్పుడు కాలు తియ్యి, మెల్లగ.
తోక ఎటు పోతె చక్రం అటే తిప్పు.
చెయ్యి ఒప్పుకోదు, పానం అసలే ఒప్పుకోదు,
అయినా అటే.
పొద్దుగాల ఖాళీ మైదానంల పదిసార్లు జార్పిచ్చి నేర్సుకో,
కొండ మీద నేర్సుకుందమనుకోకు.

ఒకసారి పోలీసు ఆపి అడిగిండు,
సంచులల్ల ఏముందని.
ఉసికె అన్న.
ఎడారి దేశంల ఉసికె ఎటు తీస్కపోతున్నవు అన్నడు.
ఎటు లేదు సార్, నాతోటి పోతది, నాతోటి వస్తది.
లైటు కొట్టి సూసి, సంచి పొడిచి సూసి,
నా మొకం దిక్కు శానసేపు సూసిండు.
పొమ్మన్నడు.

ముసురు ఎల్లిపోంగనే సంచులు దించు,
పెట్రోలు లెక్క అర్బాబు గీటు పెట్టి రాస్కుంటడు.
పారబొయ్యకు మల్ల, షెడ్డు ఎన్క పెట్టు.

రేపు రాత్రి నా ఇమానం.
ముప్పై కిలోలకు మించొద్దంటున్నరు.
పదకొండేండ్ల సామాను పొద్దటిసంది తూకమేస్తున్న,
తీస్తున్న, మల్ల పెడ్తున్న.
దుప్పటి నీకే ఇడిసిన.

ఆఁ, మర్శిన,
ఐదో సంచి మూల చినిగింది, సన్నగ కారుతది.
దబ్బనం, సుతిలి
టిష్యూ డబ్బా కింద ఉన్నయి.
మొగులు దిగక ముందె కుట్టు.