ఆరున్నర ఓడకి ముందు

ఆరున్నరకి హెల్సింకీ ఓడ.
ఐదింటికల్లా వస్తానన్నాడు ఎండెల్, పెట్టె పట్టుకుని.
కొన్నవాడు అవతలి రేవులో కాచుకుని ఉంటాడట,
డబ్బు ముందే చేతిలో పెట్టాడట.
ఇప్పుడు పదకొండు దాటింది.

తాలిన్‌లో, కోప్లి వైపు, ట్రామ్ మలుపు తిరిగే చోట
మూడో అంతస్తు నాది.
టేబుల్ మీద ఎండెల్ సింథసైజర్:
ఇద్దరు మోయాల్సిన బరువు,
పక్కలకి ఓక్ చెక్క,
ఎడమ మూల సిగరెట్ కాల్చిన మచ్చ.
వెళ్ళిపోయేలోపు దీని గొంతు తీసి దాచుకోవాలి నేను.

ముందు మిడి తీగ.
నా వేలు ఏ మెట్టు మీద దిగిందో
ఎంతసేపు నిలిచిందో
తెర మీద చిన్న చిన్న ఇటుకలుగా పేరుస్తుంది.
హాజరుపట్టీ అది.
ఎవరొచ్చారో ఎవరు పోయారో రాసుకుంటుంది,
వచ్చినవాళ్ళకి జలుబు చేసిందా
నవ్వుతున్నారా
దానికి పట్టదు.

గొంతు కావాలంటే వేరే దారి.
వెనకనున్న తుప్పు రంధ్రంలోంచి లావుపాటి కేబుల్,
అక్కణ్ణించి ఎర్ర దీపం డబ్బా,
డబ్బాలోంచి లాప్‌టాప్‌,
కొత్త ఆడియో ట్రాక్, రికార్డ్ మీట.
నొక్కాను.
మీటర్ ముల్లు చచ్చిన పాములా పడుకుంది.

ముప్పావుగంట.
కేబుల్ మార్చాను, డబ్బాని తిట్టాను,
లాప్‌టాప్‌ని ఆర్పి వెలిగించాను.
చివరికి చూద్దును కదా,
ఒకటో గుమ్మంలో చుట్టాన్ని దింపి
రెండో గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాను.

ఆ తర్వాత ప్రతి స్వరమూ రెండేసి.
నేరుగా వచ్చింది ఒకటి,
లాప్‌టాప్ కడుపులో తిరిగి ఆయాసపడుతూ వచ్చింది ఇంకొకటి,
రెంటికీ మధ్య రెప్పపాటులో పదోవంతు ఎడం.
నేనన్న మాటే నా వెనక అప్పజెబుతూ నడిచే
ఆకతాయి పిల్లలా.
ఒక దారి మూసేశాక
మళ్ళీ ఒక్కదాన్నయ్యాను.

ఇంకా ఝుమ్మని ఏదో.
ఫ్రిజ్ తీగ పీకేశాను,
ఉప్పుచేపల సీసా కిటికీ గట్టు మీద చలికి అప్పగించాను.
సగం తగ్గింది. మిగతా సగం గోడలదో, ఊరిదో.
ఉండనీ.

ఒకే హాజరుపట్టీని మూడుసార్లు పంపాను,
మూడుసార్లూ మూడు రకాలుగా పాడింది.
వేడెక్కే కొద్దీ శ్రుతి పైకి జారుతోంది,
రెండో గ్లాసు తర్వాత మావయ్యలా.
మూడూ ఉంచుకున్నాను.

నాలుగుంపావుకే వచ్చేశాడు.
కోటు విప్పలేదు, బూట్ల బురద వదల్లేదు,
"ఒక్కటి" అని కూర్చుని
పాత ఓడల మీద వాయించిన వాల్ట్‌జ్ ఎత్తుకున్నాడు.
నేను నోరు మూసుకుని ఎర్ర మీట నొక్కాను.

తెర మీద పైన ఇటుకలు, కింద అల.
ఒక చోట
ఇటుక ఉంది, దాని కింద అల లేదు.
గీసిన గీతలా చదును.
మళ్ళీ రెండు వరుసల తర్వాత, మళ్ళీ అలాగే.

"ఆ నల్ల మెట్టు పలకదు" అన్నాడు తల తిప్పకుండా.
"పద్దెనిమిదేళ్ళయింది."
మరి నొక్కుతారెందుకు?
"అక్కడ అకార్డియన్‌ది వంతు. ఆల్వార్ అని, వాడు అందుకునేవాడు.
నేను వేలు పెడితేనే వాడికి చోటు తెలిసేది."

ఇంకేమీ చెప్పలేదు.
ఇద్దరం కలిసి మెట్లు దింపాం,
రెండో మలుపులో నా వేలు నలిగింది.

ఇప్పుడు ఏడు.
ఆడియో ట్రాక్ వాయిస్తోంది: వాల్ట్‌జ్,
గోడల ఝుమ్ము, మధ్యలో ఒక ట్రామ్,
ఎండెల్ కోటు బొత్తం చెక్కకి తగిలిన టక్కు.
చదునుగా ఉన్న చోట్లు చదునుగానే.

మిడి ట్రాక్‌ని ఆపడం మర్చిపోయాను.
అది దాని ఆజ్ఞలు అది పంపుతూనే ఉంది,
ఈ మెట్టు, ఆ మెట్టు, ఆ పలకని నల్ల మెట్టు కూడా,
టేబుల్ అంచున వేలాడుతున్న
తీగ కొసదాకా.