చెవి తట్టే సైగ

బెంగళూరు కాయ లారీలు దిగే కాలం.
చిత్తూరు దాటినాక పుత్తూరు రోడ్డులో జ్యూసు ఫ్యాక్టరీ,
రాత్రి షిఫ్టు, నాలుగో బెల్టు.
అటు ముగ్గురం, ఇటు ముగ్గురం.

మిషన్లు మొదలయితే
మనిషి గొంతు పెదాల దాకే వస్తుంది.
ఆపైన దాన్ని
టెంకలు తీసే డబ్బా మింగేస్తుంది.

మొదటి రాత్రి మొగిలమ్మక్క నా వైపు వంగి
ఏదో చెప్పింది. పొడుగు మాటే.
నేను తల ఊపినా.
కొత్తదాన్ని. వినపళ్ళేదంటే
చెవుడనుకుంటారో, మొద్దనుకుంటారో.
ఊపితే పోయె,
మెడకు ఖర్చేముంది.

ఒక్కో కాయ మీదా ఆరు జతల కండ్లు.
పుచ్చింది ఎదురుగా పోతాంటే
షంషాద్ తీస్తుందిలే అని నేను,
నేను తీస్తానులే అని జ్ఞానసుందరి,
ఐదుగురు చూసిందాన్ని
నేనేం చూసేదని చివరున్న వల్లెమ్మ.
ఆరుగురి నమ్మకం మీద కూచోని
పెండ్లికూతురు మాదిరి పోయింది పుచ్చుది.

ఎనిమిదో రోజు ఒక ట్యాంకు పులిసింది.
"నాలుగో బెల్టు" అన్నాడు సూపర్వైజర్ ఏకాంబరం.
మాకు పేర్లుండేది ఆయనకు గుర్తు లేదు.
తలా సగం రోజు కూలి కోత.

రెండు గంటల టీకి మిషన్లు ఆగినాయి.
అప్పుడు చూడాల మా గొంతులు!
నేను కాదంటే నేను కాదని
ఒకరు అరవంలో, ఒకరు ఉర్దూలో, మిగతావాళ్ళు తెలుగులో.
తిట్లు మాత్రం
అందరికీ బాగానే అర్థమైనాయి.

షంషాద్ అరవలేదు.
గోనెసంచి పరిచి నాలుగు కాయలు పెట్టింది.
తొడిమ చూపించి తన ఎదను తాకింది.
చిలక ముక్కు కొన చూపించి నన్ను.
కడుపు తిప్పి మొగిలమ్మక్కను.
అంతా ఒకరే చూడొద్దంట,
తలా ఒక చోటంట.

"అనుమానమొస్తే?" అనింది వల్లెమ్మ.
రెండు వేళ్ళు ఎత్తు, పక్కదాన్ని చూడమను.
బెల్టు ఆపాలంటే పిడికిలి.
నిదానంగా అంటే అరచెయ్యి,
పెనం మీద నూనె రాసినట్టు.
నిద్రపోయేదానికి మోచేత్తో ఒక పొడుపు,
దానికి సైగెందుకు.

జ్ఞానసుందరి ఒప్పుకోలేదు.
"పదేండ్లుగా చూస్తా ఉండా,
నాకు కాయను ముక్కలు చేసి ఇయ్యొద్దు" అనింది.
చివరిదాకా మొత్తం తిప్పే చూసింది.
సరేలే అని
ఆమె ముందర కాయలు పలచగా పోయేట్టు సర్దుకున్నాం.
మేం వదిలేసినవి ఆమె పట్టినవి
వారానికి నాలుగైదు.
ఆ లెక్క మేమూ ఎత్తలేదు, ఆమే ఎత్తలేదు.

నాకే ఒక సైగ తక్కువయింది.
మూడు రాత్రులు నానబెట్టి
టీ గ్లాసు కింద పెట్టి చెప్పినా:
"అక్కా, మొదటి రోజు నువ్వు చెప్పింది
నాకు వినపళ్ళేదు. ఊరికే తల ఊపినా."

మొగిలమ్మక్క నవ్వలేదు.
"వల్లెమ్మకు ఎడమ కన్ను మసక,
ఆ పక్కవి నువ్వు చూసుకో
అని చెప్పినా మే."

వల్లెమ్మ గ్లాసులోకి చూస్తా ఉండింది.
గ్లాసులో టీ లేదు.

ఆ రాత్రి నుంచి
చూపుడు వేలితో చెవిని రెండుసార్లు తట్టితే
మళ్ళీ చెప్పు అని.
మొదట నేనే తట్టినా.
వారానికి అందరి చెవులూ అలవాటు పడినాయి,
ఒకనాడు ఏకాంబరమే తట్టినాడు,
ఏం చెప్పబోయినామో మేమే మర్చిపోయినాం.

ఆగస్టులో కాయ అయిపోయింది.
బెల్టు కడిగి, కూలి లెక్క చూసుకోని
ఎవరి ఊరికి వాళ్ళం.

మొన్న చిత్తూరులో గాంధీ బొమ్మ కాడ
రోడ్డుకు అవతల షంషాద్.
మధ్యలో తిరుత్తణి బస్సు, ఆటోలు,
ఎవరికీ దారియ్యని హారన్లు.
ఆమె ఏదో అడిగింది. పెదాలే కనపడినాయి.

పాత మెడ, పాత బుద్ధి,
ఊపబోయి సగంలో ఆగినా.
చెవి తట్టినా, రెండుసార్లు.

ఆమె సంచి కింద పెట్టి
మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.